తాతారావు చేతిరాత

నమోదు 1

లాకు గట్టుకు ఉదయం చేరాను. పడవ దిగగానే స్కానర్ల పెట్టె తడిసిందేమో చూసుకున్నాను. తడవలేదు. నా పరుపు మాత్రం తడిసింది.

రేవు గదిలో నాకో మూల ఇచ్చారు. తాగడానికి ఉదయం చెంబెడు నీళ్ళు, సాయంత్రం చెంబెడు. మిగతా అవసరాలకు సముద్రం ఉంది. అది మెట్ల దాకా వచ్చేసింది. ఆ మెట్ల కిందే ఒకప్పుడు వరి కుప్పలు వేసేవారని రేవు అధికారి గుర్నాథం గారు చెప్పారు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. ఈ ఉప్పు గాలిలో కూడా ఆయన తెల్లచొక్కా మడత నలగదు.

వానలు పడేలోగా గట్టు మీది జనాన్ని పడవల్లో ఎగువన ఉన్న కొండపట్టుకు తరలించాలి. ఇక్కడ ప్రతి మనిషి చొక్కా చేతికో, రవిక చేతికో ఒక గుడ్డ బిళ్ళ కుట్టి ఉంటుంది. గట్టు కట్టిన కొత్తలో అచ్చు వేసి ఇచ్చినవి. ఒక అక్షరం, నాలుగు అంకెలు, మళ్ళీ ఒక అక్షరం. పేరు ఉండదు. బిళ్ళ ఉన్నవాళ్ళకే ఎగువన చోటు. దొంగ బిళ్ళతో దొరికితే ఉప్పు మడులకు పంపుతారు. ఉప్పు మడుల నుంచి తిరిగి వచ్చినవాళ్ళను చూశావా అని దారిలో పడవ నడిపే సరంగును అడిగితే అతను చుక్కాని వైపు తిరిగిపోయాడు.

స్కానర్ చేతిలో ఇమిడిపోతుంది. మీట నొక్కితే బిళ్ళ మీద వెలుగు పడుతుంది. సరిపోతే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. ముందు దానికి ఈ అక్షరం, అంకెల వరుస నేర్పాను. తరువాత తెలుగు నేర్పవలసి వచ్చింది. దీన్ని తయారుచేసినవాళ్ళు అక్షరాలు ఎక్కించారు కాని వాటి తేడాలు చెప్పలేదు. 'ప'ను 'వ' అంటుంది. 'మ'ను 'వు' అంటుంది. 'థ' కడుపులోని చుక్కను మురికి అనుకుని వదిలేసి 'ధ' అని చదువుతుంది. ఒక్కొక్క అక్షరాన్నీ మళ్ళీ మళ్ళీ చూపిస్తూ పోతే సాయంత్రానికి లొంగింది.

గుర్నాథం గారిని పిలిచి చూపించాను. ఆయన పొయ్యి దగ్గరి బొగ్గు ముక్క తీసి, గోడ మీద ఒక అక్షరం, నాలుగు అంకెలు, ఒక అక్షరం గీశారు.

"దీన్ని చూడమనండి."

స్కానర్ పచ్చగా వెలిగింది.

"వరుస ఎవడైనా రాస్తాడమ్మా," అన్నారు ఆయన చేతులు దులుపుకుంటూ. "నాకు అచ్చు కావాలి. చేత్తో రాసింది వస్తే అది పట్టుకోవాలి."

నమోదు 2

అచ్చుకూ రాతకూ తేడా నేర్పాలంటే రెండూ దండిగా చూపించాలి. అచ్చు బిళ్ళలు ఎన్నయినా ఉన్నాయి. చేత్తో రాసినవే లేవు. నేను రాసి చూపిస్తే స్కానర్ వెంటనే పట్టేసింది. నా రాత అంత అధ్వాన్నం. అచ్చులా రాయగలిగినవాడు కావాలి.

"రెల్లు వీధిలో ఒకడున్నాడు, తాతారావని," అన్నారు గుర్నాథం గారు. "వాడికి, వాడి భార్యకు మొదటి పడవలో చోటిస్తామని చెప్పండి."

రెల్లు వీధిలో సగం ఇళ్ళకు గోడలు పాత దుకాణాల బోర్డులే. ఒకరి తలుపు మీద 'తాజా పూతరేకులు' అని ఉంది. ఇంకొకరి కిటికీ కింద 'ఇచ్చట సైకిళ్ళు బాగుచేయబడును' అని తలకిందులుగా ఉంది. తాతారావు నన్ను ఇంట్లోకి తీసుకెళ్ళే ముందు వీధంతా తిప్పి చూపించాడు.

"ఇయన్నీ మనయ్యేనండి. ఆ 'ళ్ళు' సూడండి, అలా తిప్పేవోడు ఈ జిల్లాలో ఇంకోడు లేడండి. వరదొచ్చి ఊరు పోయింది గాని నా అక్షరం పోలేదు."

సన్నటి మనిషి. అరవై దాటి ఉంటాయి. మీసానికి బోర్డుల నల్లరంగే వేసుకుంటాడని అతని భార్య మంగాయమ్మ చెప్పింది. అతను అదేమీ కాదన్నట్టు చెయ్యి ఊపాడు.

పని చెప్పాను. ఖాళీ గుడ్డ ముక్కల మీద బిళ్ళలు రాయాలి, అచ్చులా, ఎంత బాగా కుదిరితే అంత బాగా.

"మిషన్ నన్ను పట్టేస్తదా అండీ?"

"పట్టుకోవాలనే నేర్పుతున్నాను."

"ఆయ్. అయితే సూద్దాం లెండి," అన్నాడు. అతని కళ్ళలో పందెం కాసేవాడి సంబరం కనిపించింది.

మంగాయమ్మకు మాత్రం ఈ పని నచ్చలేదు. ఆమెకు చదువు రాదు. గుడ్డ ముక్కలను చేత్తో తడిమి చూసింది. "ఈ అచ్చరాలన్నీ ఎందుకమ్మా? ఎవరికైనా సెడు జరగదు గదా?"

"పరీక్షకేనండి," అన్నాను. అప్పటికి నేను అలాగే అనుకున్నాను.

నమోదు 3

తాతారావు రోజూ ఉదయం తడి ఆరని బిళ్ళలు బల్ల మీద పరుస్తున్నాడు. స్కానర్ మొదట అతనికి లొంగిపోయింది. అతను రాసినవన్నీ పచ్చగా వెలిగాయి. అలా వెలిగినప్పుడల్లా తొడ చరిచి, "మంగా, ఇనపడిందా!" అని అరిచేవాడు.

తరువాత స్కానర్ నేర్చుకోసాగింది. అచ్చు సిరా దారంలోకి ఇంకుతుంది. అతని రంగు దారం మీద నిలబడుతుంది. వెలుగు పక్క నుంచి వేస్తే దానికి వెంట్రుకవాసి నీడ పడుతుంది. తలకట్టు చివర కుంచె ఎత్తేటప్పుడు అతను ఒక చిన్న బొట్టు వదులుతాడు. 'ల' తోకను కొంచెం ఎక్కువ లాగుతాడు.

"తోక తగ్గించి రాయగలరా?" అని అడిగాను.

"తగ్గిస్తే అది 'ల' ఎలాగవుతదండీ? కోడిపిల్లవుతది."

నిన్నటి నుంచి అతను రాసిన ఏ బిళ్ళా పచ్చగా వెలగడం లేదు. తాతారావు మొహం చిన్నబుచ్చుకుని, స్కానర్‌ను తిప్పి తిప్పి చూసి, "గట్టి శిష్యుడేనండి," అని బల్ల మీద పెట్టేశాడు.

గుర్నాథం గారు వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. "ఇది ఎవరు రాసినా పట్టుకుంటుందా, వీడు రాస్తే పట్టుకుంటుందా?"

"అందరిదీ పట్టుకుంటుంది. ఈయనది మాత్రం చీకట్లో చూపించినా పట్టుకుంటుంది."

"అది చాలు," అన్నారు.

నమోదు 5

ఈ రోజు మొదటి పడవ.

రేవు దారికి అడ్డంగా ఉన్న ఇనుప కమ్మీ దగ్గర నన్ను నిలబెట్టారు. నాకు కుడివైపు పడవ, ఎడమవైపు ఉప్పు మడులకు వెళ్ళే బల్లకట్టు. ముందు వచ్చినవాళ్ళు పై వీధుల వాళ్ళు. పచ్చ, పచ్చ, పచ్చ. చాలా బిళ్ళలు కంటికి పాలిపోయి కనిపించాయి. స్కానర్ వాటిని తేలికగానే చదివింది. నాకు గర్వంగా అనిపించింది.

తరువాత రెల్లు వీధి వచ్చింది. ముందు గంటాలమ్మ. ఎండుచేపలు అమ్ముతుంది, నాకు రెండు సార్లు ఊరికే ఇచ్చింది కూడా. ఎర్ర దీపం. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎరుపే.

"నిజం బిళ్ళేనమ్మా ఇది," అంది నవ్వుతూనే. "మాసిపోతే బియ్యం కొట్టుకాడ కనపడట్లేదని గెంటేసేవోళ్ళు. అందుకని తాతారావు మీద మీద దిద్దేడు. వీధందరికీ దిద్దేడు. ఏమీ పుచ్చుకోకుండా దిద్దేడు పాపం."

"దిద్దితే చేతిరాతే," అన్నారు గుర్నాథం గారు. "ఎడమ వైపు."

ఆమె వెనకవాళ్ళు ఎరుపు. వాళ్ళ వెనకవాళ్ళు ఎరుపు. ఒకాయన చొక్కా విప్పి బిళ్ళను నా మొహానికి దగ్గరగా పెట్టాడు, నేను సరిగ్గా చూడలేదన్నట్టు. 'ల' తోక పొడవుగా, అందంగా ఉంది.

తాతారావునూ మంగాయమ్మనూ పడవ ఎక్కించడానికి కుడివైపు నిలబెట్టారు. అతను ముందు ఏమవుతోందో అర్థం కాక వరుస వైపు చూశాడు. తరువాత నా చేతిలోని స్కానర్ వైపు చూశాడు. కూర్చోవడానికి చోటు వెతుకుతున్నవాడిలా వెనక్కి చెయ్యి చాపాడు. అక్కడ ఏమీ లేదు.

గంటాలమ్మను, ఆమెతోపాటు ఎరుపు వెలిగిన మొదటివాళ్ళందరినీ బల్లకట్టు మీద తీసుకెళ్ళిపోయారు. బిళ్ళలు కోసి నాకు ఇచ్చారు. బల్లకట్టు నిండాక మిగిలినవాళ్ళను తరువాత చూద్దామని ఇళ్ళకు పంపారు. తాతారావు దంపతులను కూడా పడవ ఎక్కనివ్వలేదు. ఇంకా నమూనాలు అవసరం కావచ్చన్నారు గుర్నాథం గారు.

భోజనాల దగ్గర ఆయన చేప ముల్లు తీసుకుంటూ ఉండగా అడిగాను. "తాతారావు వీధందరివీ దిద్దాడని మీకు ముందే తెలుసా?"

"నాది కూడా దిద్దాడు. మొన్న ఎగువ నుంచి కొత్తది తెప్పించుకున్నాను."

ఆయన ముల్లును కంచం అంచున పెట్టారు.

"పడవలు మూడు. జనం నాలుగు పడవలకు ఉన్నారు. ఫలానావాళ్ళు వద్దని నేనంటే నన్ను రేవులో పాతేస్తారు. మిషన్ వద్దంటే మిషన్‌ను ఎవరూ ఏమీ అనరు. అన్నం తినండి, చల్లారిపోతోంది."

నమోదు 6

గుర్నాథం గారు ఒక మాట తప్పు చెప్పారు. మిషన్‌ను ఎవరూ ఏమీ అనలేదు, నిజమే. తాతారావును అన్నారు.

మధ్యాహ్నం మంగాయమ్మ అతన్ని నడిపించుకుంటూ రేవు గదికి తెచ్చింది. కుడిచేతికి ఆమె పాత చీర చుట్టి ఉంది. విప్పితే లోపల వేళ్ళు ఏవి ఎటు ఉన్నాయో తెలియలేదు. గంటాలమ్మ కొడుకు అతని చేతిని గుమ్మం మీద పెట్టి రోకలితో కొట్టాడట. వీధిలో మిగిలినవాళ్ళు చుట్టూ నిలబడ్డారట. ఒక్కరూ ఆపలేదు.

నా దగ్గరున్న మందు పూసి, రెండు కర్ర చీలికలు పెట్టి కట్టాను. మంగాయమ్మ నన్నే చూస్తోంది.

"సెడు జరగదన్నావు గదమ్మా."

కట్టు చివర ముడి వేశాను. తాతారావు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నొప్పికి పెదవి కొరికి కొరికి రక్తం వచ్చింది. కొంచెం తేరుకున్నాక అతను అడిగిన మాట ఇది.

"అన్నేళ్ళ కిందట దిద్దినయ్యి గూడా పట్టేసిందాండీ? ఒక్కటీ తప్పలేదా?"

"తప్పలేదు."

"అంటే నా సెయ్యి మారలేదన్నమాట," అన్నాడు. ఆ తరువాత గోడవైపు తిరిగి ఏడ్చాడు.

నమోదు 8

కోసి తెచ్చిన బిళ్ళలను ఈ రోజు సర్దుతుంటే ఒకదాని మీద రంగు పెచ్చు లేచిపోయి ఉంది. ఒక అంకె పూర్తిగా రాలిపోయింది. అక్కడ కంటికి పాతబడి పసుపెక్కిన గుడ్డ తప్ప ఏమీ కనబడటం లేదు. ఊరికే మీట నొక్కాను. స్కానర్ ఆ ఖాళీలో అంకెను చదివింది. ఆ ఒక్క అంకెను మాత్రం అచ్చు అని చెప్పింది.

మొదటి పడవ రోజు పాలిపోయిన బిళ్ళలన్నీ ఎంత తేలికగా దాటిపోయాయో అప్పుడు గుర్తుకు వచ్చింది. మన కంటికి మాసిపోయింది కాని దారంలో సిరా ఉండనే ఉంది. ఈ యంత్రానికి అది చాలు.

లాంతరులోని కిరసనాయిలుతో గుడ్డ తడిపి గంటాలమ్మ బిళ్ళ తుడిచాను. తాతారావు రంగు నల్లగా ఊడివచ్చింది. మీట నొక్కాను. పచ్చ.

గుర్నాథం గారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన బిళ్ళ తీసుకుని వెలుగుకు పట్టి చూసి నాకే తిరిగి ఇచ్చారు.

"ఉప్పు మడులకు పంపడానికే నాకు అధికారం ఉందండి. వెనక్కి తెప్పించడానికి లేదు. ఈ సంగతి ఇంకెవరి దగ్గరా అనకండి. మీ చోటు కూడా ఆఖరి పడవలోనే, గుర్తుందిగా."

తలూపి వచ్చేశాను. వచ్చి రెల్లు వీధికి వెళ్ళాను.

తాతారావుకు ఎలా చెప్పాలో తెలియక, తుడిచిన బిళ్ళ చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను ఆ గుడ్డను ఎడమ బొటనవేలితో రుద్ది చూశాడు.

"అయితే నేను ముట్టుకోకపోతే..."

"ముట్టుకోకపోతే అప్పుడు బియ్యం ఇచ్చేవాళ్ళు కాదుగా."

"ఇది ఎవరిదండీ?"

"గంటాలమ్మది."

అతను లేచి బయటికి వెళ్ళాడు. ఇంటింటి ముందూ నిలబడి, బిళ్ళల కుట్లు విప్పి తెచ్చుకోమని, రంగు తీసేస్తానని కేకవేశాడు. ఎవరూ తలుపు తీయలేదు. నేను వెనకే వెళ్ళి స్కానర్ చూపించి చెబితే తీశారు.

సాయంత్రం దాకా అతను అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో తుడుస్తూనే ఉన్నాడు. మంగాయమ్మ గుడ్డను కదలకుండా పట్టుకుంది. జనం బిళ్ళ ఇచ్చి, తుడిచాక తీసుకుని వెళ్ళిపోయారు. ఒక్కరూ అతనితో మాట్లాడలేదు. గంటాలమ్మ కొడుకు కూడా వచ్చాడు. తాతారావు అతని బిళ్ళను అందరి వాటికన్నా జాగ్రత్తగా తుడిచాడు. "మీ అమ్మది గూడా నిజమేనంటరా," అన్నాడు. ఆ కుర్రవాడు బిళ్ళ లాక్కుని వెళ్ళిపోయాడు.

నమోదు 9

రెండో పడవ. రెల్లు వీధి అంతా పచ్చ.

గుర్నాథం గారు నా వెనకే నిలబడ్డారు. ఎవరినీ ఆపలేదు. పడవ నిండగానే కమ్మీ దించేశారు. కమ్మీకి ఇవతల పచ్చ దీపం వెలిగినవాళ్ళు ఇంకా మిగిలారు. రెల్లు వీధివాళ్ళు ఎక్కిన చోట్లలో వీళ్ళు వెళ్ళవలసింది. ఒక ముసలాయన నా దగ్గరకు వచ్చి, "నాకు వెలిగింది కదమ్మా, వెలిగింది కదా," అని అడుగుతూనే ఉన్నాడు. కాపలావాళ్ళు పక్కకు తీసుకెళ్ళారు.

గంటాలమ్మ కొడుకు పడవ ఎక్కి, అవతలి ఒడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

తాతారావు దంపతులు వరుసలోకి రాలేదు, తమ బిళ్ళలు ఇంకా తుడుచుకోలేదు. వాళ్ళకు ఇచ్చిన మాట సంగతి గుర్నాథం గారిని అడిగాను.

"ఆ చెయ్యి ఇక రాయదుగా. అందరిలాగే వరుసలో రమ్మనండి," అన్నారు.

నమోదు 11

రేపు ఆఖరి పడవ. మధ్యాహ్నం రెల్లు వీధికి వెళ్ళాను. వీధి ఖాళీ. మంగాయమ్మ తమ ఇద్దరి బిళ్ళలూ కుట్లు విప్పి పెట్టి, నీళ్ళ వరుసలో నిలబడటానికి వెళ్ళింది.

తాతారావు ముందు తన బిళ్ళ తుడిచాడు. మీట నొక్కాను. పచ్చ. మంగాయమ్మది చేతిలోకి తీసుకుని, తుడవకుండా, అలాగే కూర్చున్నాడు.

"ఇలా ఇవ్వండి, నేను తుడుస్తాను."

"వద్దండి," అన్నాడు. నేను అప్పటికే తీసుకుని గుడ్డ అద్దేశాను. రంగు ఊడివచ్చింది. కింద ఏమీ లేదు. మీట నొక్కాను, ఎరుపు. ఇంకా గట్టిగా తుడిచి మళ్ళీ నొక్కాను. తెల్లటి ఉతికిన గుడ్డ. దారంలో సిరా చుక్క కూడా లేదు.

"దానికి జరమొచ్చి వొళ్ళు తెలీని రోజుల్లో గట్టు మీదికి వరద వచ్చిందండి," అన్నాడు తాతారావు. "ఆరేసిన రవిక పోయింది, బిళ్ళతో సహా. లేచేసరికి ఇంకోటి కుట్టి, బిళ్ళ రాసి పెట్టేను. సెప్పలేదు. సెప్తే అది కొట్టుకాడికి వెళ్ళినప్పుడల్లా వణుకుద్ది. దానికి అబద్ధం దాయడం రాదండి, మొహమ్మీద కనపడిపోద్ది."

"ఆమెకు ఇప్పటికీ తెలియదా?"

"తెలీదండి."

తరువాత అతను తన బిళ్ళను ఎడమచేత్తో నా వైపు జరిపాడు.

"సూది పట్టుకోలేనండి. దీన్ని దాని రవిక్కి కుట్టి పెడతారా?"

"మీరో?"

"ఎగువన బోర్డులు రాసేవోడితో పనేటండి? అక్కడ అంతా అచ్చేనంట గదా."

నవ్వించాలనే అన్నాడు. నా మెడలో సిబ్బంది బిళ్ళ ఉంది. దాన్ని ఈయనకు ఇచ్చేయవచ్చన్న ఆలోచన వచ్చింది. వచ్చిందని ఇక్కడ రాస్తున్నాను. ఆ తరువాత సూదిలో దారం ఎక్కించాను.

కుట్టడం అయ్యేసరికి మంగాయమ్మ నీళ్ళ చెంబుతో వచ్చింది. "వెలిగిందా?" అని అడిగింది.

"నీది వెలిగిందే. నాది వెలిగింది," అన్నాడు తాతారావు. "అమ్మాయిగారినడుగు."

"వెలిగాయండి," అన్నాను.

ఆమె మొహంలోకి చాలా రోజుల తరువాత కొంచెం రక్తం వచ్చింది. నాకు కూడా చెంబులోంచి గుక్కెడు నీళ్ళు పోసింది.

నమోదు 12

పడవలో రాస్తున్నాను.

వరుసలో తాతారావు మంగాయమ్మను తన ముందు నిలబెట్టుకున్నాడు. కట్టు కట్టిన చేతిని తువ్వాలుతో భుజం దాకా కప్పుకున్నాడు. ఆమె వచ్చింది. మీట నొక్కాను. పచ్చ. "నడవండి, నడవండి," అని కాపలావాళ్ళు ఆమెను పడవకు వేసిన చెక్క మీదికి తోశారు. వెనకనుంచి జనం నెట్టారు. ఆమె వెనక్కి తిరిగి చూడటానికి కూడా చోటు లేదు.

తరువాత అతను నా ఎదుట నిలబడ్డాడు.

"బిళ్ళ ఏదీ?" అన్నారు గుర్నాథం గారు.

తాతారావు తువ్వాలు తొలగించాడు. చొక్కా చేతి మీద తెగిన దారాలు తప్ప ఏమీ లేవు.

"అందరికీ రాసి నాకు రాసుకోడం మర్చిపోయానండి," అన్నాడు.

గుర్నాథం గారు ఆ దారాల వైపు, పడవ వైపు, నా వైపు చూశారు. ఆయనకు అర్థమైంది. ఒక బిళ్ళకు ఒక మనిషే ఎక్కారు కాబట్టి ఇక విచారించలేదు. "ఎడమ వైపు," అన్నారు. తాతారావు ఎవరూ తోయకుండానే బల్లకట్టు వైపు నడిచాడు. నేను తరువాతి మనిషి బిళ్ళ మీద వెలుగు వేశాను. పడవ నిండి, మిగిలినవాళ్ళ ముందు కమ్మీ దించేశాక నా సిబ్బంది బిళ్ళ చూపించి ఎక్కాను.

గుర్నాథం గారు సరంగు పక్కన, నీడలో కూర్చున్నారు. తరువాతి రేవులో కూడా స్కానర్లు నన్నే అమర్చమన్నారు. తాతారావు నమూనాలు అలాగే ఉంచమన్నారు. ఇంత బాగా రాసేవాడు మళ్ళీ దొరకడని అన్నారు.

గట్టు కనుమరుగయ్యాక మంగాయమ్మ జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరకు వచ్చింది. మూట చంకలో ఉంది.

"ఆయన ఎక్కడా కనపడట్లేదమ్మా. ఎక్కేడా? నువ్వు సూసేవా?"

"ఎక్కారండి," అన్నాను. "వెనకవైపు ఉన్నారు. రద్దీగా ఉంది, కాస్త తగ్గాక వస్తారు."

"సెయ్యి జాగర్త అని సెప్పేను. ఎవరైనా తగిలితే ఓర్సుకోలేడు," అంది.

నా పక్కన కూర్చుని, మూట ఒళ్ళోకి తీసుకుని, అవతలి పక్క ఒక మనిషికి చోటు ఉంచింది. ఎవరో కూర్చోబోతే, ఆయన వస్తాడు, చెయ్యి బాగాలేదు అని చెప్పి వద్దంది.